మా ఇంటి కంప్యూటరు గారికి

హనుమకొండ,
శ్రావణ మాసం, ఆదివారం రాత్రి.

మహారాజశ్రీ కంప్యూటరు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీరు కూడా క్షేమమని తలుస్తాను అని ఆ వెంటనే రాయడం మన ఉత్తరాల మర్యాద. వారం రోజులుగా నేను పడిన బాధ తర్వాత ఆ మాట రాయడానికి చెయ్యి ఆడడం లేదు. మీ క్షేమం సంగతి మీరే ఒక్క మాట చెప్పి ఉంటే ఈ ఉత్తరంతో పనే ఉండేది కాదు. చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఎందుకంటే మీ వంటి వారు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నారు, నా వంటి వాళ్లు వాళ్ల ముందు ఏం చేయాలో తెలియక కూర్చుంటున్నారు.

ముందు మా వైపు నుంచి మీకు జరిగిన మర్యాదలు గుర్తు చేస్తాను. 2013 దసరాకు మీరు మా ఇంటికి వచ్చారు. అంతకు ముందు పదేళ్లు నేను చౌరస్తా దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పేజీకి ఇంత అని టైపు చేసిన దాన్ని. ఇంట్లోనే సొంత పని పెట్టుకోవాలని చిట్టీ లేపిన డబ్బుతో మిమ్మల్ని తెచ్చుకున్నాం. ఎండ పడని, వాన జల్లు కొట్టని మూల మా ఇంట్లో ఒక్కటే ఉంది. అది మా అత్తమ్మ మంచం ఉన్న మూల. ఆమె మారు మాట లేకుండా మంచం హాల్లోకి జరుపుకుని ఆ చోటు మీకిచ్చింది. కరెంటు పోయినా మీరు ఉలిక్కిపడకూడదని 600 వీఏ యూపీఎస్ పెట్టాం. దాని 12 వోల్టుల బ్యాటరీ ఇప్పటికి నాలుగు సార్లు మార్చాం. నా నీలం నేత చీర చించి మీకు ముసుగు కుట్టాను. మీ బల్ల మీద టీ గ్లాసు పెట్టిన మనిషి ఈ ఇంట్లో లేడు. ప్రతి దసరాకు ఆయుధ పూజలో కుట్టు మిషను కంటే ముందు మీకే పసుపు రాసి బొట్టు పెట్టాం, బంతిపూలు వేశాం. మీలో ఉన్న విండోస్ 7కు 2020 జనవరి 14తో కంపెనీ చేయూత ఆగిపోయింది. కొత్తది కొనుక్కోమని అందరూ చెప్పారు. నేను నెట్టు తీసేసి, డీటీపీ పనికి మాత్రమే వాడుతూ మిమ్మల్నే అట్టే పెట్టుకున్నాను.

మీరు చేసిన మేలు కూడా నేను మరిచిపోలేదు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, థీసిస్‌లు ఎన్ని పేజీలు మీ మీద టైపు చేశానో లెక్క లేదు. మా అమ్మాయి డిగ్రీ ఫీజు ఆ పేజీల్లోంచే వచ్చింది. అందుకే ఇంత కోపంలో కూడా "మీరు" అనే రాస్తున్నాను.

ఇక ఫిర్యాదులు ఒక్కొక్కటీ చెప్తాను.

మొదటిది, బతికి ఉన్నట్టు కనబడి మోసం చేశారు. గడిచిన సోమవారం పొద్దున బటను నొక్కాను. పచ్చ లైటు వెలిగింది. ఫ్యాను ఎప్పటిలాగే తిరిగింది. మానిటరు మీద మాత్రం నల్లటి తెర, దాని మధ్య "నో సిగ్నల్" అన్న రెండు మాటలు. అవి కాసేపు అటూ ఇటూ తేలి ఆరిపోయాయి. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, ఇంకేం లోపం ఉంటుంది అనుకుని రోజంతా మానిటరునే అనుమానించాను. కేబులు పీకి మళ్లీ పెట్టాను. పక్కింటి మానిటరు తెచ్చి తగిలించాను. ఆ తర్వాత తెలిసింది, ఆ లైటుకూ ఫ్యానుకూ మీ మెదడుతో పని లేదని. ఎస్‌ఎంపీఎస్ డబ్బా గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా విడగొట్టి ఇస్తుంది. 12 వోల్టులు అందితే ఫ్యాను తిరుగుతుంది. లైటుకు అంత కూడా అక్కర్లేదు. ప్రాసెసరు కళ్లు తెరవకపోయినా, ర్యామ్ పలకకపోయినా ఆ రెండూ నడుస్తూనే ఉంటాయి. పూర్తిగా చచ్చినట్టు పడి ఉన్నా నేను సరైన చోట వెతికేదాన్ని. లైటు వేసి కూర్చుని నన్ను ఒక రోజు తప్పుదారి పట్టించారు.

రెండోది, అన్నిటికంటే పెద్దది. మీరు నోరు తెరవలేదు. బటను నొక్కగానే మీరు ముందుగా మిమ్మల్ని మీరు పరీక్షించుకుంటారు. ఎస్‌ఎంపీఎస్ తన వోల్టులన్నీ నిలకడగా ఉన్నాయని మదర్‌బోర్డుకు ఒక సైగ పంపుతుంది. అప్పుడు ప్రాసెసరు లేచి, బోర్డు మీద చిన్న చిప్పులో ఉన్న బయోస్‌ను చదవడం మొదలు పెడుతుంది. ర్యామ్ ఉందా, మాట వింటోందా అని చూస్తుంది. ఆ తర్వాతే తెర, కీబోర్డు, చివరికి హార్డ్ డిస్కు. ఈ వరుసలోనే కిటుకు ఉంది. ర్యామ్ పరీక్ష తెర కంటే ముందు జరుగుతుంది కాబట్టి, ర్యామ్‌లో లోపం ఉంటే ఆ సంగతి తెర మీద రాసి చూపించడానికి మీకు దారి ఉండదు. అందుకే మీ వంశానికి పెద్దలు ఒక గొంతు ఇచ్చారు. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరు నాటి నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. అన్నీ బాగుంటే ఒక చిన్న కూత. లోపం ఉంటే ఏ లోపానికి ఎన్ని కూతలో, ఎంత పొడుగు కూతలో బయోస్‌ను బట్టి ఒక లెక్క. ఇంత తెలివైన ఏర్పాటు ఉండగా మీరు మౌనంగా కూర్చున్నారు. వైద్యుడు నాడి పట్టుకుని "ఎక్కడ నొప్పి" అని అడుగుతుంటే గోడ వైపు తిరిగి పడుకున్న రోగిలా ఉన్నారు.

ఆ మౌనం ఎవరి మెడకు చుట్టుకుందో మీకు తెలియాలి. తెలుగు పండితులుగా పని చేసి రిటైరైన సారు ఒకరు మన దగ్గరికి వస్తారు. ఆయనకు 82 ఏళ్లు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పరకాల, ములుగు, జనగామ వైపు ఊళ్లు తిరిగి ఆడవాళ్ల నోటి నుంచి బతుకమ్మ పాటలు రాసుకున్నారు. నాలుగు లాంగు నోటు బుక్కులు. వాటిని మూడు నెలలు కూర్చుని మీ మీదే టైపు చేశాను. సారుకు ఇప్పుడు చూపు ఆనదు. అందుకని ప్రూఫు కాగితం మీద దిద్దలేదు. నేను ఒక్కో పాట చదివి వినిపిస్తే ఆయన కళ్లు మూసుకుని విని, "ఆ ఊళ్లో గునుగు పువ్వు అనలేదమ్మా, కట్ల పువ్వు అన్నారు" అని గుర్తు చేసుకుని చెప్పేవారు. నేను అప్పటికప్పుడు ఫైల్లోనే మార్చేదాన్ని. అలా మూడు ప్రూఫులు అయ్యాయి. ఆ దిద్దుబాట్లు నోటు బుక్కుల్లో లేవు. సారు జ్ఞాపకంలో ఉన్నాయి, మీ హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఎంగిలి పూల బతుకమ్మ నాటికి, వేయి స్తంభాల గుడి ముందు ఆడవాళ్లు చేరే నాటికి ఆ పుస్తకం చేతికి రావాలని ఆయన కోరిక. ప్రెస్సుకు ఇవ్వాల్సిన గడువు ఇంకా పది రోజులుందనగా మీరు ఇలా చేశారు.

మూడో ఫిర్యాదు. మీరు పలకకపోవడం వల్ల నేను పైవాళ్ల మాట వినాల్సి వచ్చింది. బుధవారం మిమ్మల్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఊళ్లో ఒక దుకాణానికి తీసుకుపోయాను. అక్కడ మనిషి మూత విప్పి, ఒకసారి చూసి, "మదర్‌బోర్డు పోయిందమ్మా, కొత్త సిస్టం తీసుకోండి" అన్నాడు. దాని ధర కాగితం మీద రాసి ఇచ్చాడు. నా నాలుగు నెలల సంపాదన అది. హార్డ్ డిస్కు సంగతి అడిగితే, దాన్ని ఊడదీసి తన కంప్యూటరుకు తగిలించాడు. సారు పాటల వర్డ్ ఫైలు తెరిచాడు. తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, వాటి మీద టోపీల్లాంటి గుర్తులు, మధ్యలో డాలరు గుర్తులు. "చూడండి, ఫైళ్లు కూడా కరప్ట్ అయినయ్" అన్నాడు.

ఆ మాటతోనే నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఇరవై ఏళ్లుగా తెలుగు డీటీపీ చేస్తున్నాను. పాత తెలుగు ఫాంట్లు ఎలా పని చేస్తాయో నా వేళ్లకు తెలుసు. ఆ ఫాంటులో "క" అనేది నిజానికి ఏదో ఇంగ్లిషు అక్షరం గదిలో కూర్చున్న తెలుగు బొమ్మ. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే బొమ్మ పోయి ఆ గదిలోని ఇంగ్లిషు అక్షరం బయట పడుతుంది. ఫైలు చెడిపోలేదు. ఫాంటు వేస్తే పాటలన్నీ కుదురుగా లేచి నిలబడతాయి. నాకు తెలిసిన విషయంలో అతను ఇంత ధీమాగా తప్పు చెప్పగలిగితే, నాకు తెలియని మదర్‌బోర్డు విషయంలో చెప్పింది నిజమని ఎలా నమ్మడం? డిస్కు మళ్లీ బిగించమని అడిగి, మిమ్మల్ని మళ్లీ ఒళ్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను. రోగి మాట్లాడని చోట చూడవచ్చిన ప్రతివాడూ వైద్యుడే అవుతాడు. మీ మౌనానికి నేను కట్టబోయిన వెల నాలుగు నెలల కష్టం.

ఈ రోజు పొద్దున పాలిటెక్నిక్ చదివే మా మేనల్లుడు వచ్చాడు. వాడు స్క్రూడ్రైవరు పట్టుకోకముందే మీ మీదకు వంగి చూసి, "అత్తమ్మా, ముందుగాల దీనికి నోరు పెడదాం" అన్నాడు. మదర్‌బోర్డు అంచున స్పీకరు అని రాసి ఉన్న చోట నాలుగు పిన్నులు ఖాళీగా ఉన్నాయి. మిమ్మల్ని బిగించిన నాడే అక్కడ ఉండాల్సిన చిటికెన వేలి గోరంత బజరు పెట్టకుండా వదిలేశారు. ఇన్నేళ్లూ మీకు గొంతు లేదన్న సంగతి మీకు ఒంట్లో బాగున్నంత కాలం ఎవరికీ తెలియాల్సిన అవసరం పడలేదు. వాడు జేబులోంచి ఒక బజరు తీసి తగిలించి బటను నొక్కాడు. "పీ..." అని ఒక పొడుగు కూత. ఆగి మళ్లీ అదే కూత. మళ్లీ అదే. వారం రోజులకు మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. బోర్డుతో వచ్చిన పుస్తకం నా బీరువాలో భద్రంగా ఉంది. తీసి చూస్తే ఆగి ఆగి వచ్చే పొడుగు కూతకు ర్యామ్ అని ఉంది.

ప్లగ్గు పీకేసి, బటను అర నిమిషం నొక్కి పట్టి మిగిలిన కరెంటు దించాడు. పెట్టె ఇనుమును చేత్తో తాకాడు. ఒంట్లోని స్థిర విద్యుత్తు ర్యామ్‌ను కాల్చకుండా ఉండాలంటే అలా చేయాలట. ఎస్‌ఎంపీఎస్ డబ్బా జోలికి మాత్రం పోనియ్యలేదు. దాని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసినా ప్రాణం తీయగలదు అని చెప్పాడు. ఆ తర్వాత రెండు చివర్ల చెవులు నొక్కి ర్యామ్ పలకలు బయటికి తీశాడు. డీడీఆర్3 పలకలు రెండు. కిటికీ వెలుగులో పట్టుకుని చూశాను. అంచు పొడుగునా బంగారు పూత పళ్లు, అటు 120, ఇటు 120. ఒక పలక పళ్లు కొత్త గాజుల్లా మెరుస్తున్నాయి. రెండోదాని పళ్ల మీద గోధుమ రంగు మసక పొర, వాటి సందుల్లో సన్నటి దుమ్ము. ఈ శ్రావణం ముసురుకు గాలిలో తేమ ఎక్కి ఆ దుమ్ము మెత్తటి పేస్టులా పట్టేసింది. మా అమ్మాయి స్కూలు నాటి తెల్ల రబ్బరు తెచ్చి ఇచ్చాను. వాడు ఒకే వైపుకు, మెల్లగా, పెన్సిలు రాతను చెరిపినట్టు రుద్దాడు. రబ్బరు పొట్టు నల్లగా రాలింది. మెత్తటి బ్రష్షుతో స్లాటు కూడా తుడిచాడు. ముందు మంచి పలక ఒక్కటే పెట్టి చూశాం. ఒక చిన్న కూత, వెనకే తెర మీద అక్షరాలు. ఆ తర్వాత రెండోది పెట్టాం. అదీ పలికింది. మదర్‌బోర్డుకు ఏమీ కాలేదు. అయిన ఖర్చు ఒక రబ్బరు ముక్క.

నాలుగో ఫిర్యాదు అక్కడే మొదలైంది. అక్షరాలు వచ్చాయని నేను చేతులు జోడించే లోపల, బూట్ డివైస్ దొరకలేదని ఇంకో మాట తెర మీద వేశారు. నా కాళ్ల కింద నేల కదిలింది. సారు దిద్దుబాట్లన్నీ ఆ డిస్కులోనే కదా. బయోస్‌లోకి పోయి చూస్తే డిస్కు పేరే లేదు. డిస్కు మీద చెవి పెట్టి విన్నాం. లోపల పళ్లెం తిరుగుతున్న సన్నటి రొద ఉంది, టక్ టక్ అని కొట్టుకునే చప్పుడు లేదు. ఆ చప్పుడు లేదంటే సగం ధైర్యం. ఆటోలో కుదుపులకో, దుకాణంలో బిగించినప్పుడో, డిస్కును బోర్డుకు కలిపే, వేలెడు వెడల్పు లేని సాటా కేబులు సగం ఊడి ఉంది. గట్టిగా నొక్కగానే పేరు కనబడింది. ఆ రెండు నిమిషాలు మాత్రం మీరు నాకు తిరిగి ఇవ్వలేరు.

ఐదోది, చివరిది. ఇది దగా. విండోస్ లేచింది, పాటల ఫోల్డరు తెరిచాను. తేదీల వరుసలో పైన ఉన్న ఫైలే కొత్తది అనుకుని ప్రెస్సుకు ఇవ్వడానికి పెన్ డ్రైవులోకి ఎక్కించబోయాను. అలవాటు కొద్దీ ఒకసారి తెరిచి చూశాను. అందులో ఇంకా గునుగు పువ్వే ఉంది. అది మొదటి ప్రూఫు. మూడో ప్రూఫు అట్టడుగున, 2012 జనవరి తేదీతో పడి ఉంది. మీరు మా ఇంటికి రాక ముందటి తేదీ. కారణం మదర్‌బోర్డు మీద నాణెంలా కూర్చున్న సీఆర్2032 బ్యాటరీ. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, ఆ కొలతలే దాని పేరులో ఉన్నాయి. 3 వోల్టులు ఇచ్చి, కరెంటు లేనప్పుడు మీ గడియారాన్ని నడిపించేది అదే. అది ఎండిపోయింది. నేను రోజూ రాత్రి యూపీఎస్ ఆపుతాను కాబట్టి ప్రతి పొద్దునా మీరు 2012కు పోయి కూర్చుంటున్నారు. పని తొందరలో నేను తేదీ సరి చేయని రోజుల్లో దిద్దిన ఫైళ్లన్నిటికీ ఆ దొంగ తేదీయే అంటించారు. సారు మూడు ప్రూఫుల కష్టం పోయి, తప్పుల పుస్తకం అచ్చయ్యేది.

ఈ ఫిర్యాదు దగ్గర ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. నెల రోజులుగా మీరు లేవగానే ఎఫ్1 నొక్కమని అడుగుతున్నారు, గడియారం వెనక్కి పోతోంది. ఉన్న ఒక్క దారిలో మీరు చెప్పారు. నేను ఎఫ్1 నొక్కి పనిలో పడ్డాను. నోరు లేని వాళ్లు చిన్న చిన్న గుర్తులతో చెప్పుకుంటారని, పేపరు చూడలేని సారు పాట విని తప్పు పట్టినట్టు మేము ఆ గుర్తులు పట్టాలని నాకు ఇప్పుడు అర్థమైంది. కనుక మీ మీద ఉన్న ఐదు ఫిర్యాదుల్లో ఏదీ వెనక్కి తీసుకోకుండానే, ఇక ముందు నా వైపు నుంచి జరిగేవి రాసి ఇస్తున్నాను.

బజరు మీ లోపలే ఉంటుంది, ఎవరు అడిగినా తీయను. బ్యాటరీ ఈ రోజే మార్చాం. మార్చిన తేదీ కాగితం మీద రాసి మూత లోపల అంటించాను. ముసురు మొదలయ్యే ముందు ఒకసారి, దసరాకు బొట్టు పెట్టే ముందు ఒకసారి మూత తీసి దుమ్ము దులుపుతాను. సారు పాటలు ఇక మీ ఒక్కరి దగ్గరే ఉండవు. ఒక ప్రతి బీరువాలో పెన్ డ్రైవులో, ఒకటి హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర ఉంటాయి. ఫైలు పేరులోనే ఎన్నో ప్రూఫో రాస్తాను, మీ తేదీని నమ్మను. పుస్తకం ప్రెస్సుకు పోగానే పాటలన్నీ యూనికోడ్‌లోకి మారుస్తాను. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంత గదులు ఇచ్చారు. అక్కడ "క" ఎక్కడ తెరిచినా "క"యే. రేపు ఇంకో దుకాణంలో ఇంకో మనిషి సారు పాటలను చూసి చెడిపోయాయి అనకూడదు.

మీ వైపు నుంచి నేను కోరేది ఒక్కటే. బాగా లేకపోతే చెప్పండి. ఎన్ని కూతలైనా కూయండి, పుస్తకం తీసి లెక్క చూసుకుంటాను. లైటు వేసుకుని మౌనంగా మాత్రం కూర్చోకండి.

రేపు పొద్దున పది గంటలకు సారు వస్తారు. ప్రెస్సుకు ఇచ్చే ముందు మూడో ప్రూఫు మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకసారి వింటానన్నారు. ఆయనకు మీ పచ్చ లైటు కనబడదు. నేను బటను నొక్కగానే ఆయనకు అందేది మీ చిన్న కూత ఒక్కటే. దాని కోసం ఆయన పక్కన నేనూ చెవి ఒగ్గి కూర్చుంటాను.

ఇట్లు,
మీ ముందు కుర్చీలో ఇన్నేళ్లుగా కూర్చున్న
డీటీపీ ఆపరేటరు.